మధియో లెక్క: భేస్తాన్ నుంచి ఆమల్‌సాడ్ మామిడి తోట దాకా

మా బామ్మర్ది లింగయ్యకు జగిత్యాల దగ్గర నాలుగెకరాల మామిడి తోట ఉంది. పోయిన ఏడు కాయ పైకి బంగారంలా కనిపించింది, కోస్తే లోపల తెల్ల పురుగు. మార్కెట్లో కొనేవాళ్ళు పది కాయలు కోసి చూసి మిగతా కుప్ప వైపు చూడకుండా వెళ్ళిపోయారు. ఈ ఏడు కూడా అట్లాగే అయితే చెట్లన్నీ కొట్టించి ఆయిల్‌పామ్ పెడతానన్నాడు లింగయ్య. మొక్కలిచ్చేవాళ్ళు అప్పుడే వచ్చి తోట చూసి, ఏ సంగతో చెప్పమని అడుగుతున్నారట. ఈ మాట విన్నప్పటి నుంచి నా భార్య రాజవ్వకు నిద్ర సరిగా లేదు. ఆ తోట వాళ్ళ నాయన మగ్గం మానుకొని పెట్టింది. ఏ చెట్టు ఏ ఏడు కాపు ఎగ్గొట్టిందో ఆమె ఇక్కడ సూరత్‌లో కూర్చుని కూడా చెబుతుంది.

పురుగును ముందే కనిపెట్టే బుట్టలు, అట్టలు ఏవేవో అమ్ముతున్నారని, వాటిలో ఏది కొనాలో తెలియడం లేదని లింగయ్య అడిగాడు. నేను నలభై ఏళ్ళు పవర్‌లూమ్ మీద బతికినవాణ్ణి. గుడ్డ సంగతి అడిగితే చెబుతాను, చెట్టు సంగతి నాకేం తెలుసు? కానీ మా షెడ్డులో నాతోపాటు ఇరవై ఏళ్ళు పనిచేసిన ఠాకోర్‌భాయ్ ఇప్పుడు తన ఊళ్ళో మామిడి, సపోటా తోటలు చూసుకుంటున్నాడు. సూరత్‌కు గంట దూరంలో, ఆమల్‌సాడ్ పక్కన. ఆయనకు ఫోన్ చేశాను. హిందీలో ఆయన చెప్పింది ఇది: "బుట్టలన్నీ నా దగ్గర ఉన్నాయి, వచ్చి చూడు. కానీ ఇప్పుడు పూత కాలం. ముందు మధియో లెక్కపెట్టమను. పూగుత్తికి నాలుగైదు ఉంటేనే మందు కొట్టాలి. తక్కువ ఉంటే ముట్టుకోవద్దు." మధు అంటే తేనె అని నాకు తెలుసు. కాబట్టి మధియో అంటే తేనెటీగ అనుకున్నాను. లింగయ్యకు అట్లాగే చెప్పాను. లింగయ్య నా మాట నమ్మాడు. రోజూ పొద్దున తోటలో తేనెటీగలు లెక్కపెట్టి, నాలుగైదు లేవు కాబట్టి మందు కొట్టే ట్రాక్టర్‌ను రెండుసార్లు వెనక్కి పంపించాడు. పన్నెండు రోజులు అట్లా గడిచాక, బుట్టల సంగతి కూడా కళ్ళారా చూసి చెబుదామని నేను బయలుదేరాను.

మార్చి మొదటి వారం. సూరత్‌లో మా ఇంటి దగ్గరి భేస్తాన్ స్టేషన్‌లో పొద్దున ఆరున్నర ప్రాంతంలో వాపీ వైపు వెళ్ళే లోకల్ బండి పట్టుకున్నాను. టికెట్ పదిహేను రూపాయలు. ఈ బండ్ల సమయాలు మారుతుంటాయి, ముందురోజు కనుక్కోవడం మంచిది. సచిన్ వరకు నిలబడాలి, అక్కడ కంపెనీ వాళ్ళు చాలామంది దిగిపోతారు. మరోలి దాటాక కిటికీ దొరుకుతుంది. నవసారి దాటాక రెండు వైపులా చెరకు, ఆ తర్వాత సపోటా తోటలు, మధ్య మధ్య మామిడి. నలభై ఏళ్ళు ఈ పట్టాల పక్కనే ఉన్నాను కానీ ఈ వైపు చూడటానికని ఎప్పుడూ రాలేదు. పెళ్ళిళ్ళకు, చావులకు ఊరి వైపు వెళ్ళడమే తప్ప ఇటు పనేముంది? గంటకు కొంచెం పైన పట్టింది ఆమల్‌సాడ్‌కు. స్టేషన్ బయట షేర్ ఆటో, మనిషికి ఇరవై. ఎనిమిదింటి లోపలే చేరాలని ఠాకోర్‌భాయ్ గట్టిగా చెప్పాడు. ఎండ ఎక్కితే పురుగు చురుకవుతుంది, లెక్కకు చిక్కదు.

ఆయన తెల్ల గుడ్డ కూడా తెమ్మన్నాడు. రాజవ్వ రెండు గజాల తెల్ల గుడ్డ, రంగు వేయనిది, మడిచి సంచిలో పెట్టింది. ఆటో డ్రైవర్ ఆ సంచిని చూసి అడిగాడు.

"ఏం కాకా, గుడ్డలు అమ్మడానికా?"

"కాదు. పురుగులు పట్టడానికి."

అతను అద్దంలో నన్నొకసారి పైనుంచి కిందికి చూశాడు. "పురుగులైతే మా ఇంట్లో బియ్యం డబ్బాలో కూడా ఉన్నాయి కాకా. వస్తానంటే ఇప్పుడే తిప్పుతాను." ఆటోలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. దిగేటప్పుడు డబ్బులు ఇస్తూ, "డబ్బా ఎండలో పెట్టు, పోతాయి" అన్నాను. అతను చెయ్యెత్తి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఠాకోర్‌భాయ్ ఇల్లు తోట మొదట్లోనే. ఆయన భార్య శాంతాబెన్ పుదీనా, నిమ్మగడ్డి వేసి చాయ్ ఇచ్చింది. ఆ చాయ్ కోసమైనా ఈ దారిలో రావచ్చు. చాయ్ అవగానే తోటలోకి. నాలుగు రకాల పద్ధతులు ఆయన దగ్గర ఉన్నాయి, ఐదోది ఒట్టి గుడ్డతో చేసేది. నేను చూసిన వరుసలోనే చెబుతాను, తోట ఉన్నవాళ్ళకు పనికొస్తుంది.

మొదటిది పండు ఈగ బుట్ట. మందుల దుకాణాల్లో లింగాకర్షక బుట్ట అంటారు. మామూలు ప్లాస్టిక్ సీసా, పక్కన నాలుగు కన్నాలు, లోపల వాసన మందు పీల్చిన చిన్న చెక్కముక్క. మనిషి ఛాతీ ఎత్తున, నీడ ఉన్న కొమ్మకు కట్టాడు. మూత తీస్తే తులసి, లవంగం కలిపినట్టు వాసన. అడుగున ఎండిన ఈగలు, ఇంటి ఈగకన్నా సన్నగా, నడుం మీద పసుపు గీతలు. "ఇవన్నీ మగవే" అన్నాడు ఠాకోర్‌భాయ్.

"ఆడవి?"

"అవి రావు. ఈ వాసనకు మగవాళ్ళే పిచ్చెక్కి వస్తారు. కాయలో గుడ్డు పెట్టేదేమో ఆడది. అది బయటే తిరుగుతూ ఉంటుంది, హాయిగా."

"అయితే బుట్ట పెట్టి లాభం?"

"లాభం ఏమిటంటే, ఈగ వచ్చిందని తెలుస్తుంది. ఎప్పుడు పెరుగుతోందో తెలుస్తుంది. మా పక్క తోట ఆయన బుట్ట నిండితే పేడా మిఠాయిలు పంచుతాడు, పురుగంతా పోయిందని. అరే, బుట్ట నిండితే భయపడాలి!" ప్రతి బుట్ట కట్టిన చెట్టు మొదట్లో సుద్దతో రాశాడు, ఏ వారం ఎన్ని పడ్డాయని. ఒక చెట్టు మీద నాలుగు, ఆరు, పదిహేను అని ఉంది. ఆ పదిహేను కింద గీత గీశాడు. కాయ గోళీ అంత అయ్యేసరికి బుట్టలు చెట్ల మీద ఉండాలట. లింగయ్యకు పోయిన ఏడు కాయలో వచ్చిన పురుగు ఇదే. బుట్ట ఒకటి డెబ్బై, ఎనభై రూపాయలకు దొరుకుతుంది. వాసన చెక్క మాత్రం నెలా రెండు నెలలకోసారి మార్చాలి, అది మరిచిపోతే సీసా ఒట్టి అలంకారం.

రెండోది పసుపు జిగురు అట్ట. పుస్తకం అట్టంత ఉంటుంది, రెండు వైపులా జిగురు. రంగు చూసి పురుగు వచ్చి అంటుకుంటుంది. దీని మీద అన్నీ ఉన్నాయి: తెల్లదోమ, చిన్న చిన్న ఈగలు, తామర పురుగులు, ఇంకా పాపం రెండు అక్షింతల పురుగులు. అవి పంటకు మేలు చేసేవట, చెడ్డ పురుగులను తింటాయట. జిగురుకు మంచీ చెడూ తెలియదు కదా. నేను దగ్గరకు వంగి చూస్తూ వెనక చెట్టుకు కూడా ఒక అట్ట ఉందని చూసుకోలేదు. చొక్కా వెనక భాగం మొత్తం దానికి అతుక్కుపోయింది. ఠాకోర్‌భాయ్ నన్ను విడిపించకుండా జేబులోంచి కాగితం తీశాడు. "ఈ వారం లెక్క రాసుకోనీ. ఈగలు పదకొండు, తెల్లదోమలు ముప్పై, లూమ్ మాస్టర్ ఒకటి." శాంతాబెన్ కొబ్బరినూనె తెచ్చి రుద్దితే గాని జిగురు వదల్లేదు. మీరు వెళ్తే పాత చొక్కా వేసుకోండి.

మూడోది దీపపు ఎర, సపోటా చెట్ల వైపు ఉంది. రాత్రి బల్బు వెలుగుతుంది, కింద నీళ్ళ బకెట్, నీళ్ళలో కొంచెం కిరోసిన్. పొద్దున చూస్తే బకెట్ నిండా రెక్కల పురుగులు, పేడ పురుగులు, చీమలు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ ఏది ఈ తోటది, ఏది పక్క ఊరిది? "ఇది పెళ్ళి పందిరి లాంటిది" అన్నాడాయన. "దీపం చూసి ఊరందరూ వస్తారు. అందులో మనవాళ్ళెవరో వెతుక్కోవాలి." సపోటా మొగ్గ తొలిచే పురుగు తాలూకు రెక్కల పురుగు కూడా ఇందులో పడుతుందని ఒకటి తీసి చూపించాడు. నా కంటికి బూడిద రేణువులా ఉంది. నా చొక్కా జేబులో ఎప్పుడూ పిక్ గ్లాస్ ఉంటుంది. అంగుళానికి ఎన్ని దారాలున్నాయో చూసే చిన్న అద్దం. పని మానేసి నాలుగేళ్ళయినా జేబులోంచి తీయలేదు. దానితో చూస్తే రెక్కల మీద నేత లాంటి చారలు కనిపించాయి. ఠాకోర్‌భాయ్ కూడా చూసి, "పాలిస్టర్ కాదు, అసలైన పట్టు" అన్నాడు.

నాలుగోది రాలిన కాయలు. రోజూ చెట్టు కింద రాలినవి ఏరి, ఒక ఇసుక డబ్బాలో వేసి, పైన పలుచని గుడ్డ కడతాడు. కాయలోంచి పురుగు ఇసుకలోకి దిగి, కొన్నాళ్ళకు ఈగై బయటికి వస్తుంది. అప్పుడు ఏ పురుగో ఖాయంగా తెలుస్తుంది. ఖర్చేమీ లేదు. కానీ తెలిసేసరికి వారం పది రోజులు పడుతుంది. అప్పటికి చెట్టు మీద నష్టం జరిగిపోతుంది.

ఇక ఐదోది, నేను తెల్ల గుడ్డ తెచ్చింది దీనికోసమే. ఇంకా పూత మీద ఉన్న ఆలస్యపు చెట్టు దగ్గరకు తీసుకెళ్ళాడు. గుడ్డ మీద పలుచగా నూనె రాయమన్నాడు, పడ్డ పురుగు ఎగరకుండా. నలభై ఏళ్ళు గుడ్డ మీద నూనె మరక పడితే సేఠ్‌తో తిట్లు తిన్నాను. ఇప్పుడు కావాలని రాస్తుంటే చెయ్యి ఆడలేదు. పూగుత్తి కింద గుడ్డ పట్టుకున్నాను. ఆయన కొమ్మను రెండుసార్లు తట్టాడు. టపటపమని చిన్న చిన్నవి పడ్డాయి. కొన్ని నూనెలో చిక్కుకున్నాయి, రెండు గంతేసి పోయాయి.

"చూడు మల్లేశ్‌భాయ్. ఇదే మధియో."

"ఏది?"

"ఇదే. గంతులేస్తోందే, ఇది."

గుడ్డ మీద తేనెటీగ ఎక్కడా లేదు. బియ్యపు గింజలో సగం ఉన్న బూడిద రంగు పురుగులు ఉన్నాయి. తల వైపు వెడల్పు, వెనక సన్నం, చెక్కకు కొట్టే చీల లాగా. పిక్ గ్లాస్ పెట్టి చూశాను. చీలే.

"మధియో అంటే తేనెటీగ కాదా?"

"తేనెటీగ మధమాఖీ. ఇది మధియో. పూత రసం తాగి తేనెలాగా బంక కారుస్తుంది, అందుకని ఆ పేరు. ఎందుకు?"

"మా బామ్మర్దికి తేనెటీగలు లెక్కపెట్టమని చెప్పాను."

ఠాకోర్‌భాయ్ కొమ్మ వదిలేశాడు. "ఎన్నాళ్ళు?"

"పన్నెండు రోజులు."

ఆయన చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. "పన్నెండు రోజులు తేనెటీగల హాజరీ తీసుకున్నాడా!" అని నవ్వుతూ నవ్వుతూ దగ్గు తెచ్చుకున్నాడు. టోపీ కింద పడింది. నాకు నవ్వు రాలేదు. పన్నెండు రోజులు మందు లేదు. అసలు పురుగును ఎవరూ చూడలేదు. పూత పోతే కాయ లేదు, కాయ లేకపోతే చెట్లు లేవు. నా ముఖం చూసి ఠాకోర్‌భాయ్ నవ్వు ఆపాడు. టోపీ దులుపుకుని, "ముందు ఫోన్ చెయ్యి" అన్నాడు.

నేను ఫోన్‌లో ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. ఆ రోజు తప్పలేదు, నంబర్ నొక్కాను. లింగయ్య మొదటి మోతకే ఎత్తాడు.

"చెప్పు బావా. ఇయ్యాల్టి లెక్క గూడ అయింది. నడిమి సాళ్ళల్ల రెండు, మూడు. కాలువ దిక్కు ఒక్కటి గూడ లేదు."

"లింగయ్యా, తేనెటీగలు గాదట."

"ఏంది?"

"లెక్కపెట్టేది తేనెటీగలను గాదట. ఇంకోటట. చిన్నగ ఉంటది, చీల లెక్క. దుంకుతది. ఆకుల మీద బంక కారుస్తది."

లింగయ్య నెమ్మదిగా అడిగాడు. "తేనెమంచు పురుగా?"

"పేరు నాకు ఎరికలేదు."

"బావా, దాన్ని మా ఊర్ల పసిపోరలకు గూడ ఎరికె. నువ్వేమో తేనెటీగలంటివి. నేనేమో గుజరాతోళ్ళు కొత్త లెక్క ఏదో కనిపెట్టిన్రు కావచ్చు అనుకున్న. రోజు పొద్దుగాల నోట్‌బుక్కు పట్టుకొని పూతల తల పెడుతుంటే ఊరోళ్ళు తేనెటీగల సారొచ్చిండని నవ్వవట్టిన్రు. మా బావ చెప్పిండు, మీకేం తెలుసురా అన్న."

"తప్పు నాదే లింగయ్యా."

"తప్పు ఎవలదైతేంది గని, ట్రాక్టరోడు మల్ల వచ్చి గేటు కాడ నిలవడ్డడు. మొత్తం తోటకు కొట్టియ్యాల్నా? జల్ది చెప్పు."

ఠాకోర్‌భాయ్‌కు తెలుగు రాదు కానీ సంగతి అర్థమైంది. రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ముందు లెక్క, తర్వాతే మందు. పూత మీద మొత్తం తోటకు కొడితే ఉన్న తేనెటీగలు కూడా పోతాయి, అవి లేకపోతే కాయ పట్టదు అన్నాడు. నాకు అప్పుడు మా పని గుర్తొచ్చింది. గుడ్డ పిక్, అంటే అంగుళానికి దారాల లెక్క, చూసేటప్పుడు అంచు దగ్గర చూడరు. అంచులో దారం దట్టంగా ఉంటుంది, ఆ లెక్క నమ్మితే మొత్తం గుడ్డ మోసం. అంచు వేరు, నడుమ వేరు చూడాలి. నాలుగైదు చోట్ల చూడాలి. అదే చెప్పాను.

"తెల్ల తువ్వాల మీద నూనె రాయి. పూగుత్తి కింద పట్టి రెండుసార్లు తట్టు. ఒక్క చెట్టుకు నాలుగు దిక్కుల చూడు. కాలువ అంచు సాళ్ళు వేరే రాయి, నడిమివి వేరే రాయి, రోడ్డు దిక్కువి వేరే రాయి. కలుపకు. ట్రాక్టరోన్ని జర కూసోమను."

"ఈసారి పురుగు అదేనా? మల్ల మారదు గదా?"

"మారదు. ఫోటో పంపుత."

నూనెలో చిక్కిన మధియోను అరచేతిలో పెట్టి ఠాకోర్‌భాయ్ ఫోటో తీశాడు. పంపించాను. అప్పుడు తొమ్మిదిన్నర.

పదకొండున్నరకు శాంతాబెన్ భోజనానికి పిలిచింది. జొన్న రొట్టె, దాన్ని అక్కడ 'రోట్లో' అంటారు, వాల్ అనే చిక్కుడు గింజల కూర, పచ్చిమామిడి ముక్కలు, బెల్లం. రొట్టె మా ఊరి రొట్టెలాగే ఉంది, కొంచెం మందం. ఆకలిగానే ఉంది కానీ ఒక్క రొట్టెతో ఆపేశాను. ఫోన్ పళ్ళెం పక్కనే పెట్టుకున్నాను. శాంతాబెన్ భర్తకు మూడో రొట్టె వేస్తూ అడిగింది, నాకు వంట నచ్చలేదా అని. ఆయన జరిగింది చెప్పాడు. ఆమె నవ్వలేదు. "మీరు ఫోన్‌లో చెప్పేటప్పుడు మధియో అంటే ఏమిటో చెప్పారా?" అని ఆయన్నే అడిగింది.

"మధియో అంటే మధియోయే కదా!"

"ఆయన సూరత్‌లో గుడ్డ నేసుకునే మనిషి. ఆయనకేం తెలుస్తుంది? తప్పులో సగం మీది. తినండి భాయ్, సగమే మీది కాబట్టి ఇంకో రొట్టె తినొచ్చు." ఠాకోర్‌భాయ్ తన బెల్లం ముక్క నా పళ్ళెంలో పెట్టాడు. నేను ఇంకో సగం రొట్టె తిన్నాను.

ఫోన్ పన్నెండుంబావుకు మోగింది. లింగయ్య రొప్పుతున్నాడు.

"రాసుకో బావా. కాలువ దిక్కు రెండు సాళ్ళు. ఏడు, తొమ్మిది, ఆరు, పదకొండు. ఆకులన్ని బంక, పూత నల్లగైంది. ఆ రెండు సాళ్ళ పూత సగం పోయినట్టే."

నేను కాగితం మీద రాసుకుంటూ పోయాను.

"నడిమి సాళ్ళు. ఒకటి, సున్న, రెండు, సున్న, ఒకటి. రోడ్డు దిక్కు గూడ గంతే. పిందె గట్టిగ పట్టింది బావా. బఠాణి గింజంత కొన్ని, గోళీలంత కొన్ని."

నేను ఠాకోర్‌భాయ్‌కు హిందీలో చెప్పాను. ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కేసి తలూపాడు. కాలువ పక్కన నీడ ఎక్కువ, చెమ్మ ఎక్కువ, కొమ్మలు ఒకదాని మీద ఒకటి. మధియోకు ఆ చోటే ఇష్టం. ఆ రెండు సాళ్ళకే మందు చాలు. అదీ సాయంత్రం, తేనెటీగలు వెళ్ళిపోయాక. కాపు కోశాక ఆ సాళ్ళలో కొమ్మలు కత్తిరించి వెలుతురు రానివ్వాలి. ఇదంతా లింగయ్యకు చెప్పి, "తేనెటీగలు ఎన్నింటికి పోతయో చూసి కొట్టియ్యాలట" అన్నాను.

లింగయ్య నవ్వాడు. ఆ రోజు మొదటిసారి. "అది నాకు చెప్పద్దు బావా. పన్నెండు రోజుల సంది వాటి డ్యూటీ టైమంత నా నోట్‌బుక్కులనే ఉన్నది. అయిదింటికి ఒక్కటి గూడ ఉండది."

"పండు ఈగ బుట్టలు గూడ ఇప్పుడే కట్టియ్యాలట. పిందె పట్టింది గదా."

"రేపే జగిత్యాల పోయి తెస్త. వారంకోసారి రాస్త." వెనక ట్రాక్టర్ మోత వినిపించింది. "బావా, రెండు సాళ్ళకు మందు కొడుత. చెట్లైతే కొట్ట. ఆయిల్‌పామోళ్ళకు వద్దని ఇయ్యాల్నే చెప్తున్న. అక్కకు చెప్పు."

ఠాకోర్‌భాయ్ నా ముఖం చూసి, ఏమన్నాడో అడగకుండానే శాంతాబెన్‌ను ఇంకోసారి చాయ్ పెట్టమన్నాడు.

నాలుగు దాటాక ఆమల్‌సాడ్‌లో తిరుగు బండి ఎక్కాను. రెండు డజన్ల సపోటాలు సంచిలో పెట్టి పంపించారు, డబ్బులు తీసుకోలేదు. రానూపోనూ బండి, ఆటో కలిపి ఖర్చు డెబ్బై రూపాయలే. ఇంటికి చేరేసరికి ఆరు దాటింది. లింగయ్య నాకన్నా ముందే అక్కకు ఫోన్ చేసి మొత్తం చెప్పేశాడు. తలుపు తీస్తూనే రాజవ్వ, "వచ్చిండా తేనెటీగల మాస్టరు" అంది. చాలా రోజుల తర్వాత ఆమె రెండుసార్లు అన్నం పెట్టుకుని తింది.

ఏ పద్ధతి మంచిదని లింగయ్య మొదట అడిగిన దానికి నాకు ఇప్పుడు ఒక జవాబు ఉంది. ఒక్కొక్కటి ఒక్కొక్క సంగతి చెబుతుంది. సీసా బుట్ట పండు ఈగ వచ్చిన సంగతి చెబుతుంది, పూత మీది పురుగు గురించి దానికేమీ తెలియదు. పసుపు అట్ట అన్నీ పట్టి చూపిస్తుంది, కానీ మంచివాటిని కూడా పట్టేస్తుంది. దీపపు బకెట్ ఊరంతటి సంగతి చెబుతుంది. రాలిన కాయ నిజం చెబుతుంది కానీ ఆలస్యంగా చెబుతుంది. పూత కాలంలో మాత్రం తెల్ల గుడ్డకు సాటి లేదు, అది అప్పటికప్పుడు చెబుతుంది, ఏ మూల ఎంత అని కూడా చెబుతుంది. ఆ రెండు సాళ్ళలో సగం పూత నా మూలంగానే పోయింది. దానికి నేను నవ్వి ఊరుకోలేను. పన్నెండు రోజుల కిందట మధియో అంటే ఏమిటని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడగడానికి సిగ్గుపడ్డాను. ఇన్నేళ్ళు గుజరాత్‌లో ఉండి ఇది కూడా తెలియదా అంటారని. ఆ సిగ్గు లింగయ్య చెట్ల మీద పడింది. మిగతా సాళ్ళు దక్కాయి కాబట్టి ఈ మాట రాయగలుగుతున్నాను.

తోటలు చూడటానికి వెళ్ళేవాళ్ళకు ఒకటే మాట. అక్కడ విన్న పురుగు పేరును ఇంటికి ఫోన్‌లో చెప్పకండి. దాన్ని అరచేతిలో పెట్టించుకుని, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి, వెలుతురులో ఫోటో తీసి పంపండి. పేరు ఊరు ఊరుకూ మారుతుంది, పురుగు రూపం మారదు.